పళ్ళూడిన జిప్పు

వాపసు తాతయ్య కొన్న వస్తువు ఆయన ఇంట్లో వారం తిరిగితే గొప్ప. కొన్నది కొన్నచోటే తిరిగి ఇచ్చేస్తే గానీ ఆ మనిషికి తిన్నది అరగదు. గొడుగు, గరిటె, తాళం, సబ్బుపెట్టె, చెప్పులు, ఏదైనా సరే సోమవారం కొంటాడు, గురువారం వాపసు తెస్తాడు. మా వీధి కొట్లవాళ్ళం ఆయన వీపు కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ముఖం కనిపిస్తే షట్టరు వైపు చూసేవాళ్ళం.

గడియారాల కొట్టులో ఆయన గెలిచిన తగువు నేను కళ్ళారా చూశాను. నా గోడగడియారానికి బ్యాటరీ వేయించుకుందామని వెళ్ళాను. అప్పటికే తాతయ్య అక్కడ బల్ల మీద అలారం గడియారం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు పోతోంది."

"ముందుకు పోతే మంచిదేగా తాతగారూ! ఎక్కడికెళ్ళినా ఆలస్యం అవదు."

"నాకు మంచీ చెడ్డా వద్దు బాబూ, టైం కావాలి."

"రోజూ పొద్దున్నే నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పుకోండి. తీరిపోతుంది."

"తిప్పడానికి సరైన టైం ఎవరు చెప్తారు?"

"ఇంకో గడియారం చూసుకోండి."

"ఇంకోటి ఉంటే ఇదెందుకు కొంటాను? గడియారం నాకు టైం చెప్పాలా, నేను గడియారానికి చెప్పాలా?"

కొట్టాయన ముఖం కందగడ్డ అయింది. అమ్మేశాక తనకేం సంబంధం లేదన్నాడు. తాతయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సరే, రేపు ఈ పాటికి నాలుగు నిమిషాల తేడా మీకే కనిపిస్తుంది. అందాకా ఇక్కడే ఉంటాను. సాక్షి కావాలంటే ఈవిడ ఉన్నారు" అని నన్ను చూపించాడు. నేనెందుకు ఉంటాను? అయినా తగువు రుచిగా ఉంది కదా అని ఊరుకున్నాను. పావుగంటలో కొత్త గడియారం బల్ల మీదికి వచ్చింది.

అప్పుడు తాతయ్య వెనకనుంచి ఒక బక్కపలచటి పిల్లాడు సన్నగా అన్నాడు: "పెట్టె చిరిగింది. పెట్టె కూడా మార్చండి."

ఆ మాటకి తాతయ్య ముఖం వెలిగిపోయింది. గడియారం వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు.

"ఎవరయ్యా, మనవడా?" అన్నాను.

"వకీలుగారు" అన్నాడు.

ఆయనతో ఎప్పుడూ ఒక పిల్లో పిల్లాడో ఉండేవాళ్ళు. అందరూ వకీలుగార్లే. ఒక ఏడాది బొద్దు పిల్లాడు, మరో ఏడాది రెండు జడల పిల్ల, ఆ తర్వాత నత్తి పిల్లాడు. "ఈయనకి ఎంతమంది మనవలు అత్తయ్యా, నేను లెక్కపెడితే పద్నాలుగు తేలారు" అంది మా కోడలు. "కడుపు నిండిన వంశం" అన్నాను నేను. తీరా విచారిస్తే ఆ మనిషికి పెళ్ళే కాలేదు.

ఇక నా కొట్టు సంగతి. బొత్తాలు, దారాలు, సూదులు, జిప్పులు అమ్ముతాను. మూడో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది, లేదా నేనే దాన్ని వదిలేశాను, ఇద్దరికీ పెద్ద బాధ లేదు. కానీ బొత్తాన్ని చీకట్లో వేలితో తడిమి ఎన్ని కన్నాలో, ఏ రంగు పెట్టెలోదో చెప్పగలను. గల్లాపెట్టె పైన బోర్డు ఉంది: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." పెయింటరు చేత రాయించాను. నలభై ఏళ్ళలో నా కొట్టుకి ఒక్క సూది వెనక్కి రాలేదు. తెచ్చినవాళ్ళు లేకపోలేదు. నా నోటిని దాటుకుని గల్లాపెట్టె దాకా రాగలిగినవాళ్ళు లేరు, అంతే.

వాపసు తాతయ్య కూడా నా కొట్టు గడప తొక్కేవాడు కాదు. నా నోటికి భయపడ్డాడనే అనుకున్నాను. అనుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

ఒక సోమవారం వచ్చాడు. "ఒక జిప్పు కావాలి అక్కయ్యా" అన్నాడు. జిప్పుల పెట్టె ముందుకు తోశాను. ఒక్కొక్కటీ తీసి, లాగి, కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. నలభై మంచి జిప్పులు పక్కకి పెట్టి, అట్టడుగున పళ్ళూడిపోయి ఉన్న ఎర్రజిప్పు ఒకటి పట్టుకున్నాడు. పారేద్దామని పక్కన పెట్టింది పొరపాటున పెట్టెలో ఉండిపోయింది.

"అది పనికిరాదయ్యా, ఇంకోటి తీసుకో."

"నాకు ఇదే నచ్చింది."

"కళ్ళు కనిపిస్తున్నాయా? పళ్ళు లేవు దానికి!"

"నాకూ రెండు లేవు. ఎవరూ పారేయలేదుగా" అని డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

గురువారం నాలుగుంపావుకి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక పిల్లతో. తొమ్మిదేళ్ళుంటాయి. బడిసంచీని వీపుకి కాక ముందుకు తగిలించుకుని రెండు చేతులా వాటేసుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. బల్ల దగ్గరికి వచ్చి, ఎర్రజిప్పు నా ముందు పెట్టింది. తలెత్తలేదు.

"ఏమిటిది?" అన్నాను.

జవాబు లేదు.

"బోర్డు చూశావా?"

తల ఊపింది.

"చూశాక కూడా తెచ్చావంటే నీకు ధైర్యమన్నా ఉండాలి, చదువన్నా రాకపోవాలి. రెండిట్లో ఏది?"

తాతయ్య నా పైకప్పు కేసి చూస్తున్నాడు, అక్కడేదో బొమ్మ గీసి ఉన్నట్టు.

"ఏమయ్యా, ఊరందరి కొట్లలో గొంతు చించుకుంటావు, ఇక్కడ నోరు పెగలదేం?"

"నాదేం లేదక్కయ్యా. కేసు వకీలుగారిది."

పది నిమిషాలు నిలబడ్డారు. నేను నాకొచ్చిన మాటలన్నీ అన్నాను. కొన్ని రెండుసార్లు అన్నాను. చివరికి ఆ పిల్ల జిప్పు తీసి సంచీలో జాగ్రత్తగా పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను గెలిచాను. తగువు గెలిచిన రోజు నాకు ఆకలి బాగా వేస్తుంది. ఆ రోజెందుకో వేయలేదు.

మర్నాడు పొద్దున్నే నేరుగా ఆయన గదికి వెళ్ళాను. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద ఒంటిగది. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. వాపసు ఇవ్వని వస్తువులు లోకంలో ఇవేనేమో అనిపించింది.

"నోట్లో మాట లేని పిల్లని నా మీదికి తోలతావా? నన్ను రాక్షసిని చేద్దామనా? తెలిసి తెలిసి పాడైంది ఎందుకు కొన్నావు?"

"మంచిది కొని వాపసు ఇస్తే అన్యాయం కదా అక్కయ్యా."

నాకు నోరు పడిపోయింది. అరుదుగా జరుగుతుంది. ఆ సందు చూసుకుని కుర్చీ వేసి చెప్పుకొచ్చాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల డిపోలో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చున్నాడట. "కిటికీకి అవతల అరిచినవాళ్ళు ఒక్కళ్ళూ గుర్తులేరు. లైనులో గంట నిలబడి, కిటికీ దాకా వచ్చి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని వెళ్ళిపోయినవాళ్ళు గుర్తున్నారు. ఆగండి, చెప్పండి అని వెనకాలే పరిగెత్తాలనిపించేది. సీటు వదిలి లేవకూడదని రూలు."

రిటైరవగానే బడికి వెళ్ళాడట. మా వీధి చివరి బడిలో ఒక పద్ధతి ఉంది. జీతం భత్యం లేకుండా ఒక పెద్ద మనిషి ఒక పిల్లకి తోడుంటానని ఒప్పుకోవాలి. ఏడాదిపాటు ప్రతి గురువారం నాలుగు నుంచి ఐదు దాకా. "చదువు చెప్పడానికి వాళ్ళకి టీచర్లున్నారు. నాకు వచ్చింది ఒక్కటే. కిటికీ దగ్గర ఎలా నిలబడాలో నాకు తెలుసు. ముందు నేను అడుగుతాను, వాళ్ళు చూస్తారు. తర్వాత వాళ్ళు అడుగుతారు, నేను పైకప్పు చూస్తాను."

"మరి ఈ పిల్ల?"

పిల్ల తల్లి బట్టలుతికే లాండ్రీలో పని చేస్తుందట. పని ఎక్కడ దొరికితే అక్కడికి మారుతూ రెండేళ్ళలో మూడు బళ్ళు. ఈయన కన్నా ముందు ఇద్దరు పెద్దమనుషులు తోడుంటామని వచ్చారు. ఒకాయన నాలుగు వారాలు, ఒకావిడ రెండు వారాలు. మానేస్తున్నామని పిల్లకి చెప్పలేదు. ప్రతి గురువారం ఆ పిల్ల వరండాలో బల్ల మీద ఐదింటి దాకా కూర్చుని, సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళేదట.

"నేను వెళ్ళాక మొదటి మూడు వారాలు ఇద్దరం ఉత్తినే కూర్చున్నాం. నాలుగో వారం అడిగింది, 'మీరు కూడా మానేస్తారా?' అని. మానేస్తే ముందు నీకు చెప్పి మానేస్తాను అన్నాను. అంతకన్నా పెద్ద మాట ఇవ్వగలిగే వయసు కాదు కదా నాది."

"అసలు బాధేమిటి దానికి?"

"రాతపరీక్షల్లో అన్నీ రైటే. నోటిపరీక్షలో నోరు తెరవదు. నిరుడు అందుకే అదే తరగతిలో ఉంచేశారు. ఇంకో మూడు వారాల్లో మళ్ళీ నోటిపరీక్ష. ఈసారీ తప్పితే చెల్లెలొచ్చి అదే తరగతిలో పక్కన కూర్చుంటుంది."

నాకు ఒళ్ళు మండింది. "ఈ ముక్క ముందే చెప్తే ఆ దిక్కుమాలిన జిప్పు తీసేసుకునేదాన్ని కదయ్యా!"

"అందుకే చెప్పలేదు. ఈ వీధిలో కొట్లన్నీ మెత్తబడిపోయాయి అక్కయ్యా. నేను గుమ్మంలోకి రాగానే వస్తువు మార్చి చేతిలో పెడుతున్నారు, పీడ వదిలితే చాలని. గడియారాల ఆయనైతే మొన్న కొనకముందే వాపసు తీసుకుంటానన్నాడు. నిఖార్సుగా కాదనేది నువ్వొక్కదానివే మిగిలావు. జాలిపడి ఇచ్చావో, పిల్ల పసిగడుతుంది. అప్పుడు దానికి జిప్పు వస్తుంది, మాట రాదు."

నా నోటిని ఇంతమంది ఇన్నాళ్ళూ తిట్టారు గానీ, అది ఎవరికైనా అవసరమని చెప్పిన మొదటి మనిషి ఆయనే. "సరే, తర్వాత నా తప్పు అనకు" అని లేచి వచ్చేశాను.

రెండో గురువారం పిల్ల ఒక్కతే లోపలికొచ్చింది. తాతయ్య గుమ్మం బయటే ఆగిపోయాడు. జిప్పు పెట్టింది. పెదవులు కదిలాయి. "ఇది..." అంది.

నా గుండె ఎగిరి గంతేసింది. నాలుక మాత్రం దాని పని అది చేసింది. "ఇది? ఇది ఏమిటి? పామా, తేలా?"

మాట లోపలికి పోయింది. పిల్ల బయటికి పోయింది. నేను నా నాలుకని ఆ సాయంత్రమంతా తిట్టుకున్నాను. దానికీ సిగ్గు లేదు, తిరిగి జవాబు చెప్పింది.

మూడో గురువారం కొట్లో దర్జీ కూడా ఉన్నాడు. వీధిలో ఏ కబురైనా వాడి కత్తెర కింది నుంచే పోతుంది. పిల్ల వచ్చి ఈసారి జిప్పుతోపాటు మడతపెట్టిన కాగితం కూడా పెట్టింది. తెలివి చూడండి! నోరు తెరవక్కర్లేకుండా పని జరిగే దారి కనిపెట్టింది.

కాగితం విప్పాను. ఇప్పుడొక సంగతి చెప్పాలి. అచ్చులో ఉన్నదాన్ని నేను కూడబలుక్కుని చదువుతాను. చేతిరాత అయితే నాకు చీమలబారే. నలభై ఏళ్ళుగా ఎవరు చీటీ తెచ్చినా "కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, నువ్వే చదువు నాయనా" అని నెట్టుకొచ్చాను. కళ్ళజోడు ముక్కు మీదుండగా కూడా అన్నాను. దర్జీకి అనుమానం ఉంది గానీ రుజువు లేదు.

ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్ళజోడు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్లకి అబద్ధం చెప్పినవాళ్ళు అప్పటికే ఇద్దరున్నారు.

"నాకు చేతిరాత చదవడం రాదమ్మా" అన్నాను. "మూడో తరగతితో ఆగిపోయాను. ఏం రాశావో నాకు తెలియాలంటే నువ్వే చదవాలి."

దర్జీ కొలత టేపు కింద పడేశాడు. పిల్ల మొదటిసారి తలెత్తి నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాగితం తన వైపు తిప్పుకుంది.

"బామ్మగారికి నమస్కారం. ఈ జిప్పుకి ఏడో పన్ను, ఎనిమిదో పన్ను, పదకొండో పన్ను లేవు. మేం ఊడబెరకలేదు. ముందే లేవు. వేరేది ఇవ్వండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో చెప్పండి."

గొంతు దారప్పోగులా ఉంది. తెగలేదు మాత్రం. నేను మెత్తబడలేదు, ఒట్టు.

"ఎందుకివ్వనా? బోర్డు చూడు. అమ్మిన సరుకు వాపసు లేదు."

పిల్ల బోర్డు చూసింది. కాగితం చూసింది. కాగితంలో దీనికి జవాబు రాసి లేదు. గుమ్మం వైపు చూసింది. అక్కడ తాతయ్య వీధిలో పోయే బస్సు చూస్తున్నాడు. ఇక ఎటూ చూడ్డానికి లేక నన్నే చూసింది.

"బామ్మగారూ, మీ సంచీకి మీరు ఇది కుట్టించుకుంటారా?"

"నేనా? నాకేం ఖర్మ?"

"మరి మాకెందుకమ్మారు?"

దర్జీ పకపకా నవ్వాడు. నేను నోరు తెరిచాను. మూశాను. మళ్ళీ తెరిచాను. నలభై ఏళ్ళ బోర్డు నా నెత్తిమీద అలా వేలాడుతూనే ఉంది. పెట్టెలోంచి కొత్త ఎర్రజిప్పు తీసి ఇచ్చాను. జాలిపడి ఇచ్చానని ఎవరైనా అంటే వాళ్ళ వీపు విమానం మోత మోగుతుంది. ఓడిపోయి ఇచ్చాను.

ఆ పిల్ల తీసుకుని పోయిందా? లేదు. అక్కడే నిలబడి కొత్త జిప్పు పళ్ళన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, అప్పుడు వెళ్ళింది.

నోటిపరీక్ష రోజు తల్లికి సెలవు దొరకలేదు. తాతయ్య వెళ్ళాడు. నేనూ పట్టపగలు కొట్టు మూసి వెళ్ళాను. "నువ్వెందుకక్కయ్యా?" అంటే "ఇటుగా పనుంది" అన్నాను. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పెద్ద టీచరమ్మ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. ప్రశ్న అడిగింది. లోపల నిశ్శబ్దం. రెండోది అడిగింది. నిశ్శబ్దమే.

"సరేనమ్మా, వెళ్ళు. వచ్చే ఏడాది చూద్దాంలే."

నేను లేచాను. టీచరమ్మ అయితే నాకేం? తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "కూర్చో" అన్నాడు. "కిటికీ దగ్గరున్నది తను."

లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆ తర్వాత సన్నటి గొంతు.

"మేడం, ఇంకోసారి అడగండి."

"ఏంటమ్మా?"

"మీరు తొందరగా అడిగారు. నెమ్మదిగా అడగండి. నాకు జవాబు వచ్చు."

"బయట ఇంకా పదిమంది ఉన్నారు. టైం లేదమ్మా."

"వాళ్ళకి ఇచ్చినంతే నాకూ ఇవ్వండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో చెప్పండి."

వరండాలో ఉన్న పదిమంది పిల్లలూ తలుపు వైపు తిరిగారు. తాతయ్య పైకప్పు కేసి చూస్తున్నాడు, కళ్ళార్పకుండా. లోపల కుర్చీ మళ్ళీ ముందుకి జరిగింది.

"కూర్చో. వాన ఎలా పడుతుంది?"

"మా అమ్మ పనిచేసేచోట..." అని ఆగింది. నాకు మూడు జన్మలు గడిచాయి. "...ఇస్త్రీ ఆవిరి కిటికీ అద్దానికి తగిలి చల్లబడి, నీళ్ళయి కారుతుంది. ఆకాశంలో కూడా అంతే. అద్దం బదులు చల్లగాలి ఉంటుంది."

పది ప్రశ్నల్లో ఎనిమిది రైటు. తప్పిన రెండూ కూడా రైటంత గట్టిగా చెప్పింది. బయటికొచ్చి తాతయ్య ముందు నిలబడి, "రెండు తప్పాయి. అయినా పై తరగతే" అంది. ఆయన ముక్కు చీదుకుని "దుమ్ము" అన్నాడు. ఆ వరండా అప్పుడే నీళ్ళు కొట్టి కడిగారు.

పిల్ల చెల్లెలికి చెప్పాలని పరుగెత్తింది. మేమిద్దరం నెమ్మదిగా వీధి వెంట వస్తున్నాం. నన్ను పొగుడుతాడేమో, కాదనాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

"అక్కయ్యా, సోమవారం నాకు కంటి ఆపరేషను. ఆరు వారాలు గడప దాటకూడదన్నారు."

"పిల్లకి చెప్పావా?"

"నిన్ననే చెప్పాను. మీ బదులు ఎవరొస్తారంది. ఎవరు రావాలో నువ్వే చెప్పమన్నాను. 'ఆ తిట్టే బామ్మగారు' అంది."

నేను ఆగిపోయాను. "నేనా? వీధిలో చదువుకున్నవాళ్ళు కరువయ్యారా? చేతిరాత కూడా రాదని దానికి నా నోటితోనే చెప్పానే!"

"అందుకే అడిగింది."

వెనకాల సైకిలు బెల్లు కొడితే పక్కకి జరిగాం.

"ఏం చెయ్యాలి మరి?" అన్నాను, గొంతులో వీలైనంత విసుగు తెచ్చుకుని.

"ఏమీ చెయ్యొద్దు. గురువారం నాలుగింటికి ఆ వరండాలో ఉండు. వానొచ్చినా, కొట్టు కిటకిటలాడినా ఉండు. ఐదయ్యేదాకా లేవకు. ఇంకొక్కటి. ఇది కష్టం, ముందే చెప్తున్నా."

"చెప్పవయ్యా, నాకు కష్టమేమిటి!"

"తను మొదలుపెట్టేదాకా నువ్వు మాట్లాడకూడదు."